ఇల్లు చూడ్డానికి వెళ్లే ముందు: తిరుపతిలో మోడల్ ఫ్లాటు, రీసేల్ ఇల్లు పరీక్షించే పద్ధతి

తిరుపతిలో అమ్మే ఇంటిని మూడు రకాలుగా చూపిస్తారు. కొత్త అపార్ట్‌మెంటయితే శని, ఆదివారాల్లో బిల్డరు మోడల్ ఫ్లాటు తెరిచి పెడతాడు, ఎవరైనా వెళ్లొచ్చు. విదేశాల్లో ఓపెన్ హౌస్ అనేది మన దగ్గరికి ఈ రూపంలో వచ్చింది. రీసేల్ ఫ్లాటో, మిద్దె ఇల్లో అయితే బ్రోకరు తాళంచెవి పట్టుకుని ముందు నడుస్తాడు. ప్రాపర్టీ షోలో పేరు రాయించుకున్నవాళ్లను కారు పెట్టి సైటుకు తీసుకెళ్లేది మూడో రకం. రకం ఏదైనా మనవాళ్లు చూసే తీరు ఒకటే. హాల్లో నిలబడి ఫాల్స్ సీలింగ్ లైట్లు చూస్తారు, బాల్కనీలోంచి కొండ కనిపిస్తోందని మురుస్తారు, కాఫీ తాగి రేటు అడుగుతారు. అంతా కలిపి ఇరవై నిమిషాలు. అప్పు మాత్రం ఇరవై ఏళ్లు.

ఆ ఇరవై నిమిషాలను మూడు విడతలుగా, మొత్తం మూడు నాలుగు గంటలుగా సాగదీయాలి. ఏ విడతలో ఏం చూడాలో ముందే రాసుకుని వెళ్లాలి. డబ్బు చేతులు మారాక ఎవరూ మీకోసం తలుపు అంత ఓపిగ్గా తెరిచి పట్టుకోరు.

ఫోన్లోనే తేలిపోయేవి

బయల్దేరే ముందు ఐదు వివరాలు వాట్సాప్‌లో తెప్పించుకోండి: సర్వే నెంబరు, ప్లాను అనుమతి నెంబరు, రెరా (ఇళ్ల ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) నెంబరు, అమ్మే ఫ్లాటు నెంబరు, దాని కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే చోటు). "సైటుకు రండి సార్, అన్నీ అక్కడ చూపిస్తాం" అని దాటేస్తే మీ ఆదివారం మీ దగ్గరే ఉంచుకోండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో 8 కంటే ఎక్కువ ఫ్లాట్లు కట్టి అమ్ముతుంటే ఏపీ రెరాలో నమోదు తప్పనిసరి. నమోదు కాకుండా ప్రకటన వేయడం కూడా కుదరదు. నెంబరు ఉందంటే సరిపోదు, రెరా సైటులో ఆ నెంబరు కొట్టి, అక్కడ ఉన్న అంతస్తుల సంఖ్య, పూర్తి చేస్తామన్న తేదీ, బ్రోచర్లో చెప్పేదీ ఒకటేనా అని చూసుకోండి.

సర్వే నెంబరు చేతికి రాగానే చేయాల్సింది 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా, చూడటం. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో నిషేధిత ఆస్తుల వివరాలు వెతుక్కునే వీలుంది. తిరుపతి చుట్టుపక్కల ఇది లాంఛనం అనుకోవద్దు. ఇక్కడ దేవస్థానం భూములు, మఠం భూములు, ఇనాంలు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పంచిన భూములు), చెరువు పోరంబోకు అన్నీ పట్టా భూముల పక్కనే ఉంటాయి. గట్టు దాటితే భూమి జాతి మారిపోతుంది. జాబితాలో ఉన్న నెంబరైతే ఆ ఇంటికి వెళ్లనే వద్దు. "తీయించేస్తాం" అంటారు. తీయించాకే పిలవమనండి.

స్థలంతో సహా ఇల్లు కొనేవాళ్లు కొలత ఏ లెక్కలో చెబుతున్నారో కూడా ఫోన్లోనే అడగాలి. మన దగ్గర అంకణం అంటే ఆరడుగులకు ఆరడుగులు, 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు. సెంటు 435.6 చదరపు అడుగులు, అంటే మన లెక్కలో 12 అంకణాల పైచిలుకు. నాయుడుపేట, గూడూరు నుంచి వచ్చిన బ్రోకరు "యాభై అంకణాలు" అంటే ఏ అంకణమో నోరు విప్పి అడక్కపోతే స్థలం సగానికి సగం తేడా వస్తుంది.

చేతిసంచిలో ఇవి పెట్టుకోండి: 5 మీటర్ల టేపు, టార్చి, రూపాయి బిళ్ల, ఒక గోలీ, ఫోన్ ఛార్జరు, పాత ఏటీఎం కార్డు, అగరుబత్తి, అగ్గిపెట్టె, సాకెట్లో గుచ్చితే మూడు లైట్లు వెలిగే టెస్టరు, నీటి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కొలిచే మీటరు, ఒక నోటు పుస్తకం. టెస్టరు, మీటరు రెండూ ఆన్‌లైన్లో కొన్ని వందలకే దొరుకుతాయి. నవ్వేవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మూడుసార్లు, మూడు వేళల్లో

మొదటిసారి వాళ్లు పిలిచిన వేళకే వెళ్లండి. ఆ రోజు పని ఒక్కటే: ఇల్లు మీ లిస్టులో ఉండాలా, కొట్టేయాలా తేల్చుకోవడం. ముప్పావు గంట చాలు.

రెండోసారి పనిరోజున, మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య వెళ్లండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే మరీ మంచిది. పడమటి గోడ మీద అరచేయి పెట్టి చూడండి. చేయి వెనక్కి తీసుకోవాలనిపించే గోడ రాత్రి పదకొండు దాకా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. తలుపులు కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, గది మధ్యలో అగరుబత్తి వెలిగించండి. పొగ నిట్టనిలువుగా లేచిందంటే గాలి ఆడటం లేదు. ఒకవైపు వాలిందంటే ఎదురెదురు కిటికీలు పనిచేస్తున్నట్టు. బ్రోచర్లో "వెంటిలేషన్" అని పెద్దక్షరాలతో వేసినదానికంటే ఈ పొగ నిజం చెబుతుంది.

మూడోసారి వాన పడిన మర్నాడు. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్‌లో ఇల్లు నచ్చితే నవంబరు దాకా ఆగడం అందరికీ కుదరదు. అలాంటప్పుడు వాన లేకపోయినా, వాన పోయాక మిగిలే గుర్తులు చదవాలి. అవెలా చదవాలో కింద చెబుతాం. వాన కుదరకపోతే మూడోసారి రాత్రి ఎనిమిదిన్నర తర్వాత వెళ్లండి. పార్కింగు నిండిపోయి ఉంటుంది, లిఫ్టు వాడకంలో ఉంటుంది, పక్కింటి టీవీ, పై అంతస్తు కుర్చీలు జరిపే చప్పుడు, దగ్గర్లో కల్యాణ మండపం ఉంటే దాని మైకు, అన్నీ ఆ వేళకే తెలుస్తాయి.

శ్రీనివాస సేతు ఫ్లైఓవరు పక్కన రెండు, మూడు అంతస్తుల్లో ఫ్లాటు చూసేవాళ్లు రాత్రి వేళ తప్పకుండా వెళ్లాలి. వంతెన మీద వెళ్లే బండ్ల హెడ్‌లైట్లు పడకగదిలో పడతాయేమో పగలు తెలియదు. అలిపిరి వైపు కొండ కింద ఇల్లయితే కిటికీలకు, బాల్కనీకి ఊచల మధ్య ఎడం చూడండి. కోతులకు ఎడం కొంచెం చాలు.

ఇంట్లోకి కాదు, ముందు వీధిలోకి

చెప్పిన టైము కంటే పావుగంట ముందు చేరుకుని వీధంతా ఒక చుట్టు నడవండి. తిరుపతి నేల తీరు గుర్తుపెట్టుకోండి: ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. కొండమీద పడిన వాన కపిలతీర్థం వైపునుంచి కిందికి దూకి, ఊరి గుండా ఏటి వైపు పోవాలి. దారిలో రైలు కట్ట అడ్డం, రోడ్లు అడ్డం, ఒకప్పుడు చెరువులుగా ఉన్న చోట్ల ఇళ్లు అడ్డం. పెద్దవాన పడితే వెస్ట్ చర్చి రైల్వే అండర్ బ్రిడ్జి నిండిపోయేది అందుకే. కొర్లగుంట, తాతయ్యగుంట, తుమ్మలగుంట అన్న పేర్లలో గుంట ఊరికే లేదు. పేరు చూసి భయపడి మానేయమని కాదు. అలాంటి పేరున్న చోట మాత్రం పునాది, రోడ్డు ఎత్తు గురించి రెండు ప్రశ్నలు ఎక్కువ అడగాలి.

2021 నవంబరు వరదల తర్వాత ఎం.ఆర్.పల్లి దగ్గరి శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంటి ఆవరణలో భూమిలో ఉన్న నీళ్ల సంపు పైకి లేచి నిలబడింది. ఊరంతా వింతగా చూసింది గానీ జరిగింది వింత కాదు. కడగడానికి సంపు ఖాళీ చేశారు, చుట్టూ భూగర్భజలం ఉబికి ఉంది, బరువు తగ్గిన సంపును కింది నీళ్లు పైకి నెట్టాయి. ఖాళీ బిందె నీళ్లలో మునగనట్టే. కాబట్టి పల్లంలో ఉన్న ఇల్లు చూసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న "2021లో నీళ్లొచ్చాయా?" అని. ఇల్లు అమ్మేవాడిని అడిగితే లాభం లేదు. వీధి చివర ఇస్త్రీ బండి వాడిని, పాలు పోసే అబ్బాయిని, కిరాణా కొట్టు పెద్దాయన్ని అడగండి. ఏ ఇంటి మెట్టుదాకా వచ్చాయో వేలు పెట్టి చూపిస్తారు.

ఎవరూ దొరక్కపోతే గోడలు చూడండి. ప్రహరీ గోడకు, కరెంటు స్తంభానికి, గేటు దిమ్మెలకు ఒకే ఎత్తులో అడ్డంగా పోయిన మట్టిచార ఉంటే నీళ్లు అక్కడిదాకా నిలిచాయి. వీధిలో ఒక్క ఇంటికే కింద మూడడుగులు కొత్త రంగు ఉంటే అదీ అలాంటిదే. ఇంటి గడప రోడ్డు కంటే ఎంత ఎత్తుందో టేపు పెట్టి కొలవండి. అడుగున్నర కంటే తక్కువైతే జాగ్రత్త. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే ఇంకో పొర వేస్తే రోడ్డు లేస్తుంది, ఇల్లు అక్కడే ఉంటుంది. పదేళ్ల కింద రెండడుగులున్న మెట్లు ఇప్పుడు ఒక మెట్టుగా మిగిలిన ఇళ్లు పాత కాలనీల్లో కనిపిస్తాయి. సెల్లార్ పార్కింగు ఉంటే అందులో నీళ్లు తోడే మోటారు ఉందా, అది తిరుగుతోందా చూడండి.

ఇక రోడ్డు వెడల్పు. ఇంటి ముందు రోడ్డు మాస్టర్‌ప్లాన్లో ఎన్ని అడుగులుగా చూపించారో తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) దగ్గరో, కార్పొరేషన్ పట్టణ ప్రణాళిక విభాగంలోనో తెలుసుకోండి. ఇప్పుడు ముప్పై అడుగులున్న రోడ్డు ప్లానులో అరవై అయితే, రేపు పోయేది మీ ముందు గేటు, మెట్లు, కారు నిలిపే చోటు.

మోడల్ ఫ్లాటు చేసే మాయ

మోడల్ ఫ్లాటులో మంచం మామూలు మంచం కంటే పొట్టిగా ఉండొచ్చు. గదుల మధ్య తలుపులు తీసేసి ఉండొచ్చు. గోడంతా అద్దం పెడితే హాలు రెండింతలు కనిపిస్తుంది. ఏసీ రెండు గంటల ముందే వేసి ఉంటారు. వీటిలో మోసం అనదగ్గది లేదు. చీర కొట్లో లైట్ల కింద చీర మెరిసినట్టే. మీరు మాత్రం చీరను బయటి వెలుతురులో పట్టి చూడాలి.

అందుకే మోడల్ చూశాక "నేను కొనబోయే నెంబరు చూపించండి" అనండి. ఇంకా గోడలు లేవకపోయినా ఫర్వాలేదు, ఆ అంతస్తు స్లాబు మీద నిలబడి కిటికీ ఎటు వస్తుందో, ఎదురుగా ఏ గోడ ఉందో చూడాలి. దిక్కులు ఫోన్ దిక్సూచితో చూసుకునేటప్పుడు స్తంభాలకు, తలుపు గ్రిల్లుకు దూరంగా నిలబడండి. లోపలి ఇనుము ముల్లును పక్కకు లాగుతుంది. తూర్పు అని చెప్పిన వాకిలి ఆగ్నేయంగా తేలిందని వాస్తు తగాదాలు పెట్టుకునేముందు నాలుగడుగులు వెనక్కొచ్చి మళ్లీ కొలవండి.

కొలత విషయంలో సిగ్గుపడొద్దు. గోడ లోపలి అంచు నుంచి లోపలి అంచుకు టేపు పట్టండి. ఒక లెక్క చూడండి. ఫ్లాటు 1250 చదరపు అడుగులు, ధర 60 లక్షలు అన్నారు. అడుగు 4,800 పడినట్టు. ఆ 1250లో మెట్లు, లిఫ్టు, కారిడారు వాటా, గోడల మందం కలిసి ఉన్నాయి. కార్పెట్ ఏరియా 900 అయితే మీరు కాలు పెట్టే అడుగు 6,667 రూపాయలు. పక్క అపార్ట్‌మెంటు వాడు 5,100 చెప్పి, 1200లో 930 కార్పెట్ ఇస్తుంటే మొత్తం 61 లక్షల 20 వేలు, కార్పెట్ అడుగు 6,581. ఖరీదుగా కనిపించినదే కాస్త చౌక. రెరా చట్టం ప్రకారం కొనేవాడికి కార్పెట్ ఏరియా చెప్పి తీరాలి. దాంతోపాటు స్థలంలో మీ వాటా ఎన్ని గజాలో కూడా రాయించుకోండి. ముప్పై ఏళ్ల తర్వాత భవనం పడగొట్టాల్సి వస్తే మిగిలేది ఆ గజాలే.

గదుల్లో మీ ఇంటి సామాను మనసులో పెట్టి చూడండి. 6 అడుగులకు ఆరున్నర మంచం వేశాక రెండు పక్కలా రెండేసి అడుగులు నడిచే చోటు మిగలాలి. వంటగదిలో ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. కారు నిలిపే చోటు 8 అడుగులకు 16 ఉండాలి, స్తంభం తగలకుండా డ్రైవరు వైపు తలుపు తెరుచుకోవాలి. పార్కింగు నెంబరు నేల మీద రంగుతో రాసి ఉంటే చాలదు, కాగితంలో ఉండాలి.

నీళ్లు, చెమ్మ: ఎక్కువసేపు ఇక్కడే ఉండండి

లోపలికి వెళ్లగానే హాలు వదిలేసి బాత్రూంలోకి నడవండి. ఇంటి బండారమంతా అక్కడ ఉంటుంది.

ముందు వాసన. వాడని ఇంట్లో నాని ట్రాపులో (నీళ్లు నిలిచి డ్రైనేజీ వాసనను ఆపే గచ్చులోని అమరిక) నీళ్లు ఎండిపోయి డ్రైనేజీ వాసన రావడం మామూలే. ఒక చెంబెడు నీళ్లు పోసి పది నిమిషాలు తలుపు మూయండి. వాసన పోతే ట్రాపు బాగుంది. పోకపోతే ట్రాపు సరిగ్గా బిగించలేదు, లేదా అసలు పెట్టలేదు. గచ్చు తవ్వితే తప్ప బాగుకాదు. మోడల్ ఫ్లాటులో రూం ఫ్రెషనర్ ముక్కు పగిలేలా కొట్టి ఉంటే ఈ పరీక్ష మరీ ముఖ్యం.

తర్వాత వాలు. ఒక మగ్గు నీళ్లు గుమ్మం దగ్గర పోసి రెండు నిమిషాలు చూడండి. మూలల్లో మడుగు నిలిచినా, గుమ్మం వైపు పారినా మేస్త్రీ వాలు సరిగ్గా ఇవ్వలేదు. గోలీ వదిలితే ఎటు దొర్లుతుందో కూడా చూడొచ్చు. గదిలోని గచ్చు కంటే బాత్రూం గచ్చు కనీసం అరంగుళం దిగి ఉండాలి.

కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి, ఫ్లష్ నొక్కండి. షవరు ధార సగానికి పడిపోతే పైపు సన్నం, లేదా ట్యాంకు ఎత్తు చాలదు. పై అంతస్తు ఫ్లాట్లలో ఈ ఇబ్బంది ఎక్కువ. ఎందుకంటే ట్యాంకుకూ షవరుకూ మధ్య ఎత్తు తక్కువ.

నీటి టీడీఎస్ కొలవండి, కార్పొరేషన్ కుళాయిదీ, బోరుదీ విడివిడిగా. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేనప్పుడు 2000 దాకా సర్దుకోవచ్చు. బోరు నీళ్లు 1200 చూపిస్తే ఆర్.ఓ. ఖర్చు, గీజరు రాడ్ల ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. మీటరు లేకపోతే కుళాయి మూతి, షవరు రంధ్రాలు చూడండి. తెల్లగా గట్టి పొర కట్టి ఉంటే నీళ్లలో సున్నం ఎక్కువ. ఊరికి కల్యాణి డ్యాం నుంచి, తెలుగుగంగ నుంచి నీళ్లొస్తాయి. ఈ వీధికి ఎన్నిరోజులకోసారి వస్తున్నాయి, మేలో ట్యాంకరు ఎన్నిసార్లు తెప్పించారు అని వాచ్‌మన్‌ను అడగండి. సంపు లెక్క సులువు: మనిషికి రోజుకు 135 లీటర్లు, ఇంటికి నలుగురు, 40 ఫ్లాట్లయితే 21,600 లీటర్లు. ఒక్కరోజు వాడకం కూడా పట్టని సంపు ఉంటే వేసవిలో మోటారు గొడవలు తప్పవు.

ఇప్పుడు చెమ్మ. బాత్రూం గోడకు అవతలి వైపు ఏ గది ఉందో చూసి, ఆ గోడను కింద నుంచి రెండడుగుల ఎత్తు దాకా టార్చితో పరీక్షించండి. టార్చిని గోడకు ఆనించి పక్కవాటుగా వెలుగు పడనిస్తే రంగు ఉబ్బినచోట నీడ పడుతుంది. ఎదురుగా వెలుగు వేస్తే కనపడదు. వార్డ్‌రోబ్ ఉంటే వెనక చెక్క అడుగు భాగం నొక్కండి, మెత్తగా ఉబ్బి ఉంటే గోడలోంచి నీళ్లు దిగుతున్నట్టే. గోడ మీద తెల్లటి ఉప్పు పూత ఉన్నా అంతే. ఒక్క పలక మేర మాత్రమే కొత్త రంగు ఉందంటే, ఎందుకు వేశారో అడగండి.

చెమ్మల్లో తేడా తెలుసుకోవాలి, బాగుచేసే ఖర్చు దాన్నిబట్టే ఉంటుంది. కింది అంతస్తులో గోడలన్నింటికీ ఒకే ఎత్తున, రెండు మూడడుగుల దాకా పెచ్చులు ఊడితే నేలలోంచి చెమ్మ ఎక్కుతోంది. పునాది మీద చెమ్మ అడ్డుకునే పొర వేయలేదు, లేదా చెడింది. రంగు వేసినా ఏడాదికి మళ్లీ వస్తుంది. ఒక గోడకే, ఒకచోటే ఉంటే పైపు లీకు. సీలింగు మీద గుండ్రంగా గోధుమరంగు మరక ఉంటే పై ఇంటి బాత్రూం. ఈ మూడోది కొనేవాళ్లను ఎక్కువ ఏడిపిస్తుంది, ఎందుకంటే తవ్వాల్సింది పక్కవాళ్ల గచ్చు. వీలైతే పై ఇంటి తలుపు తట్టి పలకరించి రండి. రేపటి పొరుగువాళ్లు ఎలాంటివాళ్లో కూడా తెలుస్తుంది.

బీటలు, టైల్స్, కరెంటు

పూత మీద సాలెగూడులా సన్నటి నెర్రెలు కనిపిస్తే భయం లేదు, సిమెంటు ఆరేటప్పుడు ముడుచుకున్నవి. స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిలువుగా గీసినట్టు ఉన్న బీట రెండు వేర్వేరు సరుకులు కలిసిన చోట వచ్చేది. జాలీ వేసి పూస్తే పోతుంది. పై అంతస్తులో స్లాబు కింద గోడ పొడవునా అడ్డంగా పోయేది ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల.

ఆగి చూడాల్సినవి రెండు. కిటికీ మూలనుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా పోయే బీట ఒకటి. దాంట్లో ఏటీఎం కార్డు అంచు దూరుతుందేమో చూడండి. కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. దూరితే ఇంజనీరును తీసుకురాకుండా ముందుకెళ్లొద్దు. పాత చెరువు మట్టి మీద కట్టిన ఇళ్లలో ఇది వస్తుంది, ఆ బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది. రెండోది స్తంభం లేదా దూలం పొడవునా తుప్పు రంగుతో ఉన్న బీట. లోపల కమ్మీ తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటును నెడుతోంది. దీనికి బేరం ఆడొద్దు, ఇల్లే వదిలేయండి.

టైల్స్ మీద రూపాయి బిళ్లతో వరసగా తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు పట్టలేదు. నూటికి ఒకటి రెండు ఫర్వాలేదు. ఒక గదిలో వరసకు వరస డొల్లయితే బీరువా పెట్టిన రోజున పగులుతాయి.

కరెంటుకు పది నిమిషాలు చాలు. ప్రతి గదిలో ఒక సాకెట్లో టెస్టరు గుచ్చండి, ఎర్త్ లేదని చూపిస్తే ఆ ఫ్లాటు వైరింగ్ మొత్తం అనుమానించాలి. డిస్ట్రిబ్యూషన్ బాక్సులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) మీద టెస్ట్ మీట ఉంటుంది. నివాసం ఉన్న ఇల్లయితే అడిగి నొక్కండి, వెంటనే ట్రిప్ అవ్వాలి. కాకపోతే షాకు కొట్టినప్పుడు కూడా అది అంతే నిద్రపోతుంది. ఏసీ పాయింట్లు ఎన్ని గదుల్లో ఉన్నాయి, వాటికి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశారా, ఎస్పీడీసీఎల్ మీటరు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అడగండి. ఫోన్ సిగ్నల్ లోపలి పడకగదిలో, లిఫ్టులో చూసుకోండి, ఓటీపీ రాని ఇంట్లో ఈ రోజుల్లో కాపురం కష్టం.

మిద్దె మీదికి ఎక్కకుండా దిగొద్దు

పై అంతస్తు కొనకపోయినా పైకి ఎక్కండి. పిట్టగోడకూ స్లాబుకూ కలిసే మూల గుండ్రంగా పూసి ఉందా, నీళ్లు పోయే గొట్టాల మూతుల్లో ఆకులు నిండి ఉన్నాయా చూస్తే భవనాన్ని ఎవరైనా పట్టించుకుంటున్నారో లేదో తెలిసిపోతుంది. అంతస్తులు లెక్కపెట్టండి. అనుమతి ప్లానులో ఐదే ఉండి, మీదికి ఆరోది పెంట్‌హౌస్ పేరుతో లేచి ఉంటే, ఓసీ (భవనంలో కాపురం ఉండొచ్చని ఇచ్చే ధ్రువపత్రం) రావడానికి ఇబ్బంది మీ ఫ్లాటుకు కూడా తగులుతుంది.

అపార్ట్‌మెంటులో ఎన్ని ఫ్లాట్లు యాత్రికులకు రోజువారీ అద్దెకు ఇస్తున్నారో అడగడం తిరుపతిలో ప్రత్యేకంగా చేయాల్సిన పని. అలాంటివి నాలుగుంటే లిఫ్టు, నీళ్లు, పార్కింగు వాడకం బాగా పెరుగుతుంది. తెల్లవారుజామున రెండు గంటలకు బ్యాగుల చక్రాల చప్పుడు అదనం. బ్రహ్మోత్సవాలప్పుడో, వైకుంఠ ఏకాదశికో ఎలా ఉంటుందని వాచ్‌మన్‌ను మాటల్లో పెట్టండి. అసోసియేషన్ నెల రుసుము ఎంత, నిధిలో ఎంత ఉంది, ఎంతమంది బాకీ అన్నదీ ఆయనకు సుమారుగా తెలిసే ఉంటుంది.

అమ్మేవాళ్ల దగ్గర మీ బడ్జెట్టు, మీ తొందర చెప్పకండి. "పిల్లల స్కూలు జూన్లో తెరుస్తారు, ఈలోపు దిగాలి" అన్న ఒక్క మాట రెండు లక్షల మాట. నచ్చిన సంగతి ఇంటికొచ్చాక మాట్లాడుకోండి. ఆడవాళ్లు వంటగది గురించి అక్కడే గొడవ పడటం, పెద్దాయన పూజగది అదిరిందనడం, రెండూ బ్రోకరు చెవిన పడతాయి.

అడ్వాన్సు ఇచ్చే ముందు

"ఈరోజే పదివేలు కట్టి బ్లాక్ చేసుకోండి, రేపు రేటు పెరుగుతుంది" అనేది ప్రతి ఆదివారం చెప్పే మాట. చూసిన రోజు పైసా ఇవ్వొద్దు. ఈ ప్రశ్నలకు కాగితం వచ్చాకే చెక్కు పుస్తకం తీయండి.

ఈ ఫ్లాటు బిల్డరు వాటాలోదా, స్థల యజమాని వాటాలోదా? డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో (స్థల యజమానికీ బిల్డరుకూ మధ్య ఒప్పందం) ఎవరి పేరున ఉందో వాళ్లే అమ్మాలి. కార్పొరేషన్‌కో, తుడాకో తనఖా పెట్టిన ఫ్లాట్లలో ఇది ఉందా? పెద్ద భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు కట్టడంలో కొంత భాగం తనఖా పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే విడుదల చేస్తారు. ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. సేల్స్ కుర్రాడు ఆఫీసుకు ఫోన్ చేస్తాడు, చేయనివ్వండి. రీసేల్ అయితే అసలు దస్తావేజులు ఎక్కడున్నాయి? బ్యాంకులో ఉంటే అప్పు నిల్వ ఎంతో బ్యాంకు రాసిచ్చిన ఉత్తరం కావాలి. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఇంటిపన్ను, కరెంటు, అసోసియేషన్ బాకీలు లేవన్న కాగితాలు తీసుకుని లాయరుకు చూపించండి. అమ్మేది జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) మీద అంటే ఇంకా జాగ్రత్త. జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

రెరా పరిధిలోని ప్రాజెక్టులో అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకోవడం చట్టవిరుద్ధం. ఖర్చుల్లో రిజిస్ట్రేషన్ మర్చిపోవద్దు: స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, మొత్తం ఏడున్నర శాతం. 60 లక్షలకు నాలుగున్నర లక్షలు. కట్టుబడిలో ఉన్నదానికి జీఎస్టీ సాధారణంగా 5 శాతం, పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. ధర 50 లక్షలు, ఆ పైన అయితే 1 శాతం పట్టుకుని ఆదాయపు పన్ను శాఖకు మీరే కట్టాలి. దాన్నీ టీడీఎస్ అనే అంటారు, నీళ్లలో కొలిచినది వేరు.

ఇంటికొచ్చిన సాయంత్రమే నోటు పుస్తకం తెరిచి, కనిపించిన లోపాలకు ఎదురుగా బాగుచేసే ఖర్చు రాయండి. మూడిళ్లు చూశాక ఏ బాత్రూం ఏ ఇంటిదో కలిసిపోతుంది. రెండో విడతకు తెలిసిన మేస్త్రీనో, సివిల్ ఇంజనీరునో వెంటపెట్టుకెళ్లి ఆ ఖర్చులు సరిచూసుకోండి. "రేటు కొంచెం తగ్గించండి" అని అడిగితే పదివేలు తగ్గుతుంది. "రెండు బాత్రూంల గచ్చు తవ్వాలి, పడమటి గోడ పూత తీయాలి, మేస్త్రీ లెక్క ఇదిగో" అని కాగితం ముందు పెడితే బేరం వేరే దారిలో నడుస్తుంది.

తాళాలు ఇచ్చే రోజున ఇవే పరీక్షలు, ఇదే వరసలో మళ్లీ చేసి, లోపాల జాబితా రెండు ప్రతులు రాసి బిల్డరు సంతకం, తేదీ తీసుకోండి. కొత్త ఇంట్లో నిర్మాణ లోపం అప్పగించిన ఐదేళ్లలోపు బయటపడి మీరు తెలియజేస్తే, రెరా చట్టం ప్రకారం బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఐదేళ్లు లెక్కించడం ఆ అప్పగింత తేదీ నుంచే మొదలవుతుంది, కాబట్టి ఆ కాగితాన్ని దస్తావేజుతో కలిపి దాచండి.